పాటలపెట్టె కంపెనీ కార్బైన్

కింగ్‌మన్, అరిజోనా
మార్చి 1984

గౌరవనీయులు ఓర్వల్ టీగ్ గారికి,

మీరు నన్నెరుగరు. పాత సైనిక తుపాకులు సేకరించేవాళ్ళ సంఘం పత్రికలో మీరు రాసే పేజీని మాత్రం నేను వదలకుండా చదువుతాను. మిగతా పత్రికని మా కుక్క బస్టర్ నమిలేసినా ఆ పేజీ చించి దాచుకుంటాను.

మా అన్న వేడ్ కొరియా యుద్ధంలో పోయాడు. అప్పటికి నేనింకా బడికి వెళ్ళే పిల్లాణ్ణి. వాడు ఇంటికి పంపిన ఒకే ఒక్క ఫోటోలో చేతిలో ఒక పొట్టి తుపాకీ ఉంది. అది ఎం-వన్ కార్బైన్ అని పెద్దయ్యాక తెలిసింది. పోయిన నెల సంతలో అచ్చం అలాంటిదే కనబడితే ఆగలేక కొనేశాను. ఇంటికి తెచ్చి మురిసిపోతుంటే పక్కింటి గని మేస్త్రీ చూసి, "రాయ్స్, ఇది యుద్ధం చూసిన తుపాకీ కాదురా, జింకల్ని చూసిన తుపాకీ" అని నవ్వాడు. యుద్ధమయ్యాక కంపెనీలు అమ్మకానికి చేసిన నకలట.

ఫోటోలు జతచేశాను. వాడి మాట నిజమేనా? నిజమైతే, మీకెలా తెలుస్తుందో కాస్త చెప్తారా? మళ్ళీ మోసపోకుండా ఉంటాను.

మీ విధేయుడు,
రాయ్స్ డన్‌లీవీ


జేన్స్‌విల్, ఒహాయో
ఏప్రిల్ 1984

డన్‌లీవీ గారికి,

మీ పొరుగాయన చెప్పింది నిజం. నొచ్చుకోకండి. నకలు అనగానే దొంగసొత్తు అనుకుంటారు జనం. అది తప్పు. యుద్ధం అయ్యాక సైన్యం దగ్గర మిగిలిపోయిన విడిభాగాలు టన్నులకొద్దీ అమ్ముడుపోయాయి. కొన్ని కంపెనీలు అవి కొని, రిసీవరు ఒక్కటి తామే చేసుకుని, వేటగాళ్ళకి తుపాకులు అమ్మాయి. తమ పేరు, తమ ఊరు దర్జాగా ముద్ర వేసుకునే అమ్మాయి. అందులో దాపరికం ఏమీ లేదు. ఆ పేరు చెరిపి సైన్యం పేరు వేసినవాడే దొంగ.

రిసీవరంటే తూటాని లోపలికి నెట్టే బోల్టు ముందుకీ వెనక్కీ నడిచే ఉక్కు భాగం. తుపాకీకి అదే వెన్నెముక. సైన్యానికి చేసినవి సాగగొట్టిన ఉక్కుని మరమీద కోసి చేసినవి. మీది పోతపోసింది. రెండో ఫోటోలో అంచు దగ్గర ఇసుక చల్లినట్టు సన్నని గరుకు కనిపిస్తోంది చూడండి, అది పోత గుర్తు. గొట్టం మీద సైన్యం తేదీ లేదు. భుజానికి ఆనించే చెక్కకి తనిఖీ ముద్ర లేదు. అంతకంటే చెప్పక్కర్లేదు.

నేను హైస్కూల్లో లోహప్పని నేర్పేవాణ్ణి. దానికి ముందు కొరియాలో మా సైనిక దళం తుపాకులు బాగుచేసేవాణ్ణి. మీ అన్నగారిది ఏ దళమో రాయండి. ఒకవేళ ఆయన తుపాకీ నా చేతుల్లోంచే పోయిందేమో, ఎవరు చూడొచ్చారు.

నేను పాఠం మొదలుపెడితే ఆపనని మా ఆవిడ మాక్సీన్ అంటుంది. ఆపేస్తున్నాను.

ఓర్వల్ టీగ్


కింగ్‌మన్
జూన్ 1984

ఓర్వల్ అన్నకి,

అన్నా అంటే ఏమనుకోరుగా? 'గారూ' అని రాస్తుంటే బ్యాంకుకి అర్జీ పెట్టుకుంటున్నట్టుంది.

ఇక్కడ ఎండ ఎలా ఉందంటే బస్టర్ కూలర్ ముందు నుంచి లేవడం మానేశాడు. అన్నం గిన్నె అక్కడికే తెమ్మంటున్నాడు. నా పెళ్ళాం వెళ్ళిపోయాక ఇంట్లో నామీద పెత్తనం చేసేది వాడొక్కడే.

మీ ఉత్తరం పట్టుకుని పోయిన ఆదివారం సంతకి వెళ్ళాను. ఒకడు తన కార్బైన్ అసలు సరుకని చాటుతున్నాడు. మీరు చెప్పినట్టే వేలితో అంచు తడిమి, "అయ్యా, దీనికి ఇసుక అంటింది" అన్నాను. వాడి ముఖం చూడాల్సింది! నా జన్మలో ఎవరూ నన్ను అంత తెలివైనవాడిలా చూడలేదు.

కానీ నాకో భయం పట్టుకుంది. ఎవడైనా ఆ గరుకు నున్నగా అరగదీసి, కంపెనీ పేరు తీసేసి, సైన్యం ముద్ర కొట్టాడనుకోండి. గొట్టం, చెక్క అసలువే తెచ్చి బిగించాడనుకోండి. అప్పుడు నాలాంటివాడు ఏం చూసి పట్టుకోవాలి? మీరైతే ఎక్కడ చూస్తారు?

వేడ్ దళం సంగతి అమ్మని అడిగి రాస్తాను. ఆమెకి ఈ మధ్య మతిమరుపు.

మీ తమ్ముడనుకోండి,
రాయ్స్


జేన్స్‌విల్
ఆగస్టు 1984

తమ్ముడు రాయ్స్‌కి,

నీ ఉత్తరం పోర్చిలో కూర్చుని మాక్సీన్‌కి చదివి వినిపించాను. బస్టర్ సంగతికి నవ్వింది. ఆఖర్న మాత్రం, "అతని దగ్గరున్నది ఒక్క తుపాకీ అన్నావు కదా. ఒక్క తుపాకీకి ఇన్ని ప్రశ్నలేమిటి?" అంది. "నేర్చుకునేవాడు అలాగే అడుగుతాడు" అన్నాను. "నా వంట గురించి నువ్వెప్పుడూ ఏమీ అడగలేదే" అని లోపలికి వెళ్ళి, వెంటనే పీచ్ పళ్ళు కూరి కాల్చిన 'పై' ముక్క తెచ్చిచ్చింది. ఆవిడ కోపం అంతసేపే.

నువ్వడిగింది పత్రికలో ఎప్పుడూ రాయలేదు. దొంగలు కూడా పత్రిక చదువుతారు కాబట్టి. నీకు చెప్తున్నాను. పైపైన ఎంత నునుపు చేసినా లోపల చేయి పెట్టలేరు. నేను బోల్టు తీసేసి, అది వెనక్కి వచ్చి ఆగే గూడులోకి దీపం వేసి చూస్తాను. మరమీద కోసిన ఉక్కుకి అక్కడ కత్తి నడిచిన గీతలుంటాయి, దువ్విన జుట్టులాగా. పోతకి ఉండవు. ఇక ముద్రలోని అక్షరాలు: ఒక్కొక్క కంపెనీది ఒక్కో చేతిరాత. నా దగ్గరున్న ముద్రల నమూనాలు ఇందులో పెడుతున్నాను. జాగ్రత్తగా ఉంచు.

క్లీట్ వోయ్‌చిక్ గురించి నీకు చెప్పలేదు కదూ. కొరియాలో మా దళం వాడే. మంచులో రెండు వేళ్ళు పోయాయి. ఇక్కడే గాజు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. కొరియాలో వాడు మోసిన కార్బైన్ పాటలపెట్టెలు, అదే జూక్‌బాక్సులు, తయారుచేసే కంపెనీది. రెండో ప్రపంచయుద్ధంలో అలాంటి కంపెనీలు కూడా తుపాకులు చేశాయి. "నాణెం వేస్తే పాట పాడుతుందేమోరా" అని అందరం ఏడిపించేవాళ్ళం. ఆ కంపెనీవి తక్కువ, దొరకడం కష్టం. చచ్చేలోగా అలాంటిది ఒక్కటి కొనుక్కోవాలని వాడి కోరిక. దానికోసమే ఏటా ఫిబ్రవరిలో ఇద్దరం కొలంబస్ తుపాకుల సంతకి వెళ్తాం. ఎక్కడైనా కనబడితే చెప్పు.

ఓర్వల్


కింగ్‌మన్
అక్టోబరు 1984

ఓర్వల్ అన్నకి,

ఆలస్యానికి క్షమించు. నమూనాలు అందాయి. అద్దంలో చూసుకున్నంత స్పష్టంగా ఉన్నాయి. ఇంత నమ్మి పంపావంటే ఏమనాలో తెలియలేదు.

ఈ మధ్య ఒక వర్క్‌షాపులో పని దొరికింది. రాయడానికి తీరిక ఉండట్లేదు. వదినకి పెకన్ గింజలు పంపుతున్నాను, వాటితో 'పై' చేసుకోమను.

క్లీట్ అడిగిన సరుకు గురించి నలుగురికీ చెప్పి ఉంచాను. దొరక్కపోదు.

రాయ్స్


జేన్స్‌విల్
ఫిబ్రవరి 1985

తమ్ముడు రాయ్స్‌కి,

దొరికింది!

పోయిన శనివారం కొలంబస్‌లో తుపాకుల సంత. చలికి కార్లు మొరాయిస్తున్నా క్లీట్ తన పాత ట్రక్కుతో వచ్చి మా ఇంటి ముందు హారన్ మోగించాడు. హాలంతా తిరిగి, సాసేజి పెట్టిన చిల్లీ డాగులు తిని, ఇక వెళ్దామనుకునేసరికి చివరి బల్ల మీద ఉంది. పాటలపెట్టె కంపెనీ పేరు రిసీవరు వెనకవైపు స్పష్టంగా.

అమ్మే అతని పేరు డ్వైట్ లెమాస్టర్, ఇండియానా వాడు. నా పేరు వినగానే లేచి నిలబడ్డాడు. "టీగ్ గారా! మీరే చూడండి సార్. మీరు కాదంటే ఇక్కడే దుప్పట్లో చుట్టేస్తాను" అన్నాడు. దొంగవాడు అలా అనడనుకున్నాను.

బోల్టు తీసి దీపం వేశాను. గూట్లో గీతలున్నాయి. అక్షరాలు నా నమూనాతో అతికినట్టున్నాయి. గొట్టం తేదీ, చెక్క మీద ముద్ర, అన్నీ ఉన్నాయి. క్లీట్ పక్కన నిలబడి పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా చెమటలు కక్కుతున్నాడు. "ఏమంటావురా?" అన్నాడు. "అసలుదే. తీసుకో" అన్నాను.

వాడు దాన్ని భుజానికెత్తుకున్నాడు. ఆ మూడు వేళ్ళ చెయ్యి దాన్ని పట్టుకున్న తీరు నువ్వు చూసి ఉండాల్సింది. మా ఇంటి దగ్గర నేను దిగుతుంటే, "నీ కన్ను లేకపోతే నేను దీన్ని ముట్టుకునేవాణ్ణి కాదు" అన్నాడు.

మంచు కరిగాక కొండవెనక గురి సాధన చేసే రేంజికి వెళ్ళి కాల్చాలని వాడి ఉబలాటం. నువ్వు కూడా నలుగురికీ చెప్పావుగా, అందుకే ముందు నీకే రాస్తున్నాను.

ఓర్వల్


కింగ్‌మన్
మార్చి 1985

ఓర్వల్ అన్నకి,

సంతోషం. క్లీట్ గారికి నా అభినందనలు చెప్పు.

ఒక్క మాట. అంత అరుదైన దాన్ని కాల్చడం ఎందుకు? పాత ఉక్కు, పాత స్ప్రింగులు. గోడకి పెట్టుకుంటే అందంగా ఉంటుంది కదా. నేనైతే కాల్చను. ఆయనకి నా మాటగా చెప్పు.

బస్టర్ పోయిన వారం చచ్చిపోయాడు. ముసలివాడయ్యాడు. ఇల్లు బావురుమంటోంది.

రాయ్స్


జేన్స్‌విల్
మే 1985

రాయ్స్ డన్‌లీవీకి,

నీ ఉత్తరం నాకు సకాలంలోనే అందింది. బస్టర్ పోయినందుకు మాక్సీన్ నీకు కార్డు కూడా కొని ఉంచింది. నీ మాట క్లీట్‌కి చెప్పాను. "ఆ అరిజోనా పెద్దమనిషికి నేనేమన్నా పసిపిల్లాణ్ణిలా కనిపిస్తున్నానా? దీంతోనే కదరా మనం బతికి బయటపడింది" అన్నాడు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ చివర్లో రేంజికి వెళ్ళాం. మొదటి కొన్ని గుళ్ళు బాగానే పేలాయి. క్లీట్ వెనక్కి తిరిగి, "పాడుతోందిరా, నాణెం వెయ్యకుండానే!" అని అరిచాడు. మళ్ళీ చెంపకి ఆనించుకుని పేల్చాడు. ఆ దెబ్బకి రిసీవరు పగిలింది. బోల్టు తునక ఎగిరి వాడి కుడి కంట్లోకి దిగింది.

నేను వాణ్ణి అప్పట్లో కొరియా మంచులోంచి మోసుకొచ్చినట్టే ట్రక్కు దాకా మోసుకొచ్చాను. అప్పుడు వాడు బూతులు తిడుతూనే ఉన్నాడు. ఈసారి నా చొక్కా పట్టుకుని వదల్లేదు. కన్ను తీసేశారు. ఆసుపత్రిలో మెలకువ వచ్చాక నావైపు తల తిప్పి ఒక్కటే అన్నాడు: "అసలుదే అన్నావు కదరా."

విరిగిన ముక్కలు రుమాల్లో ఇంటికి తెచ్చుకున్నాను. పగిలిన చోట ఉక్కు గింజలు గింజలుగా ఉంది. చక్కెర ముద్ద విరిగినట్టు. పోత. లోపల గూట్లో నేను చూసిన గీతలు పళ్ళ డాక్టర్లు వాడే సన్నని ములికితో ఎవరో ఓపిగ్గా ఒక్కొక్కటీ గీసినవి. ఆ గూడు చూస్తానని నేను నా భార్యకి చెప్పలేదు. పత్రికకి రాయలేదు. క్లీట్‌కి కూడా చెప్పలేదు. ఒక్క మనిషికే చెప్పాను.

అయినా నమ్మలేదు. నా ఉత్తరాన్ని నీ దగ్గర్నుంచి ఇంకెవడో దొంగిలించాడేమో అనుకున్నాను. ఆ ఆశతోనే కారేసుకుని ఇండియానా వెళ్ళాను. లెమాస్టర్ తలుపు తీసి, నా చేతిలో రుమాలు చూసి తెల్లబోయాడు. "నాకేం తెలీదు సార్. సరుకు కింగ్‌మన్ నుంచి వస్తుంది. అమ్మడం వరకే నా పని" అన్నాడు.

"కింగ్‌మన్‌లో ఎవరు?"

"రాయ్స్ సార్. కొలంబస్‌లోనే పెట్టమన్నాడు. మీరూ మీ ఫ్రెండూ అక్కడికి వస్తారన్నాడు. టీగ్ గారు దీపం వేసి చూస్తారు, చూసి సరే అంటారు, ఒక్కసారి ఆయన సరే అన్నాడంటే మిగతావి కళ్ళు మూసుకుని కొంటారు అన్నాడు."

మిగతావి. అంటే ఇంకా ఉన్నాయి.

నకలు చేశావు, అమ్ముకున్నావు. అలాంటివాళ్ళని చాలామందిని చూశాను. నాకు మింగుడుపడనిది మార్చి నెల ఉత్తరం. అది పగిలిపోవచ్చని నీకు తెలుసు. గోడకి పెట్టుకోమని రాశావు. 'కాల్చొద్దు, అది పోత' అని సూటిగా ఒక్క ముక్క రాసి ఉంటే వాడికి ఇవాళ రెండు కళ్ళుండేవి. ఆ ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదు.

ఏమంటావో రాయి.

ఓర్వల్ టీగ్


కింగ్‌మన్
జూన్ 1985

ఓర్వల్ అన్నకి,

నువ్వు రాసింది చదివాక మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

మొదట్లో నేను అబద్ధం ఆడలేదు. వేడ్ నిజం, ఫోటో నిజం. నీ దగ్గర నేర్చుకోవాలనే రాశాను. తర్వాత వర్క్‌షాపు యజమాని నీ ఉత్తరాలు చూశాడు. నువ్వు చెప్పినవన్నీ చేసి చూద్దాం, నిజంగా కనిపెట్టగలడేమో చూద్దాం అన్నాడు. పందెంలా మొదలైంది. నాకూ సరదా పుట్టింది. చేతిపనిలో నన్ను మెచ్చుకున్నవాళ్ళు అంతకుముందు లేరు.

క్లీట్ గారికి అలా జరుగుతుందని అనుకోలేదు. ఇలాంటివి గోడకి పెట్టుకుంటారనుకున్నాను. ఎవరు కాలుస్తారు? భయమేసింది కాబట్టే మార్చిలో రాశాను. అంతకంటే రాస్తే నేను జైల్లో ఉండేవాణ్ణి. నా స్థానంలో ఉంటే నువ్వేం చేసేవాడివి?

ఇంకో మాట చెప్తాను, కోప్పడితే కోప్పడు. నేను అడిగినదానికంటే నువ్వు ఎక్కువ చెప్పావు. అడిగించుకోవడం నీకు ఇష్టం. నమూనాలు పంపమని నేను అడగలేదు, వెనక్కి వెళ్ళి చూసుకో.

ఫెడరల్ పోలీసులకి చెప్పొద్దు. అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు. ఇక చెయ్యను. బస్టర్ మీద ఒట్టు.

రాయ్స్


జేన్స్‌విల్
సెప్టెంబరు 1985

డన్‌లీవీ గారికి,

మీ ఉత్తరం అందుకున్న రోజే ఫెడరల్ ఆఫీసుకి వెళ్ళాను. మీ ఉత్తరాలన్నీ, పగిలిన ముక్కలు, లెమాస్టర్ చిరునామా ఇచ్చాను. ఈ పాటికి మీ దగ్గరికి వచ్చే ఉంటారు. మీ వర్క్‌షాపులోంచి ఎన్ని బయటికి వెళ్ళాయో, ఎవరెవరి దగ్గరికి వెళ్ళాయో వాళ్ళకి దాచకుండా చెప్పండి. ఎవరో ఒకరు ఇవాళో వచ్చే వేసవిలోనో దాన్ని రేంజికి తీసుకెళ్తారు.

నమూనాలు మీరు అడగలేదు. వెనక్కి వెళ్ళి చూశాను, నిజమే. నేనే పంపాను. మీరు మెచ్చుకుంటుంటే ఒళ్ళు మరిచిపోయాను. అది నేను మోయాల్సింది, మోస్తాను. కానీ దాన్ని చూపించి మీ బరువు నా మీదికి తోయకండి.

సంఘం పత్రికలో రాయడం మానేశాను. ఆఖరిసారి మాత్రం రాశాను. నేను సరే అన్న ఒక తుపాకీ నకలని, ఈ ఏడాది నా మాట మీద కొన్న కార్బైన్లేవీ కాల్చవద్దని, నా దగ్గరికి తీసుకొస్తే మళ్ళీ చూస్తానని. జనం తెస్తున్నారు. కొందరు తిడుతున్నారు. ఒకతను మా గుమ్మంలో నిలబడి, "మీరు కూడా ఆ నకళ్ళ దొంగల్లో ఒకరేనా?" అని అడిగాడు. మాక్సీన్ అతన్ని గేటు దాకా తరిమింది. తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చింది. మీరు పంపిన గింజలు అల్మారాలోంచి తీసి పక్షులకి వేసేసింది.

క్లీట్ వేసవంతా నాతో మాట్లాడలేదు. నేను వెళ్తే వాళ్ళావిడ డోలోరెస్ కాఫీ ఇచ్చేది. వాడు లోపలి గదిలో బేస్‌బాల్ చప్పుడు పెంచేవాడు. ఆ చప్పుడు వింటూ కాఫీ తాగి వచ్చేసేవాణ్ణి.

నిన్న పొద్దున మా ఇంటి ముందు హారన్ మోగింది. పాత ట్రక్కు. క్లీట్ స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు, కుడి కంటికి నల్ల గుడ్డ. "కళ్ళ డాక్టరు రమ్మన్నాడు. డోలోరెస్ నన్ను ఒంటరిగా నడపనివ్వనంటోంది. ఎక్కు" అన్నాడు.

"నేను నడుపుతా జరుగు" అన్నాను.

"నా ట్రక్కు నువ్వు నడపడమేంటి? అటువైపు ఎక్కమన్నాను" అన్నాడు.

ఎక్కాను. వీధి చివర పెద్ద రోడ్డు దగ్గర ఆపాడు. కుడివైపు వాడికి ఏమీ కనిపించదు. మెడ ఎంత తిప్పినా పక్క సీట్లో నేనూ, ట్రక్కు తలుపూ అడ్డం. చేతులు స్టీరింగు మీదే ఉంచి, ఎదురుగా చూస్తూ, "ఆ వైపు ఏమొస్తోందో చెప్పు. ఈసారి సరిగ్గా చూసి చెప్పు" అన్నాడు.

చూశాను. ఒక పాల వ్యాను వస్తోంది, ఆగు అన్నాను. ఆగాడు. అది వెళ్ళిపోయాక మరోసారి రెండు వైపులా చూసి, ఇప్పుడు పోనీ అన్నాను. పోనిచ్చాడు.

మీరు ఇక నాకు రాయవద్దు.

ఓర్వల్ టీగ్